ఇంగ్లండ్ పల్లెటూరి పాత చర్చిల్లో ఏది చూడాలి?

లండన్ వచ్చిన మనవాళ్లు వెస్ట్‌మినిస్టర్ ఆబీ, సెయింట్ పాల్స్ చూస్తారు. ఇంకో రోజు దొరికితే కాంటర్‌బరీ వెళ్లొస్తారు. దారిలో పొలాల మధ్య కనిపించే చిన్న చర్చి దగ్గర కారు ఆపేవాళ్లు తక్కువ. కానీ మధ్యయుగంలో ఒక మామూలు ఇంగ్లిష్ రైతు పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఏం చూస్తూ బతికాడో తెలియాలంటే అలాంటి చోటికే వెళ్లాలి. టికెట్ ఉండదు, క్యూ ఉండదు, చాలాసార్లు లోపల మీరు తప్ప ఎవరూ ఉండరు. చిక్కంతా ఎంపికలోనే ఉంది. ఒక్క నార్ఫోక్ కౌంటీలోనే మధ్యయుగపు చర్చిలు 650కి పైగా ఉన్నాయి. ఒకటి రెండు రోజులే చేతిలో ఉంటే ఎటు వెళ్లాలి?

ముందుగా, "అన్నిటికన్నా పాతది ఏది" అని వెతకడం మానేయండి. ఎసెక్స్‌లోని గ్రీన్‌స్టెడ్ చర్చి గోడలు నిలువునా చీల్చిన ఓక్ దుంగలు. అది 845 నాటిదని చాలాకాలం చెప్పుకున్నారు. తర్వాత చెక్కలోని వలయాలు లెక్కపెడితే ఆ చెట్లు కొట్టింది 1063 తర్వాతేనని తేలింది. దానివల్ల గ్రీన్‌స్టెడ్ విలువ ఏమీ తగ్గలేదు, జాబితాల్లో దాని తేదీ మాత్రం రెండు వందల ఏళ్లు ముందుకు జరిగింది. పైగా గోడలు ఎంత పాతవైనా లోపల సామాను అంతా పందొమ్మిదో శతాబ్దానిదైతే చూడటానికి పెద్దగా ఏమీ మిగలదు. అడగాల్సిన ప్రశ్న ఇది: ఈ చర్చిలో ఏది చెక్కుచెదరకుండా మిగిలింది, ఎందుకు మిగిలింది?

ఎందుకంటే ఈ చర్చిలు రెండు విడతలుగా ఖాళీ అయ్యాయి. మొదటిది పదహారో శతాబ్దపు మతసంస్కరణ, అంటే ఇంగ్లండ్ కాథలిక్ పద్ధతి వదిలి ప్రొటెస్టెంట్ దారి పట్టడం. ముఖ్యంగా ఆరో ఎడ్వర్డ్ కాలంలో, 1547 నుంచి 1553 వరకు, విగ్రహాలు పగలగొట్టారు, గోడల మీది బొమ్మలకు సున్నం కొట్టారు, రాతి బలిపీఠాలు తీసేశారు. మిగిలినవాటిలో కొన్నింటిని 1640లలో ప్యూరిటన్లు అనే తీవ్ర ప్రొటెస్టెంట్లు పట్టుకున్నారు. రెండో విడత చేసింది శత్రువులు కాదు, భక్తులు. 1839లో కేంబ్రిడ్జ్‌లో మొదలైన ఒక సంఘం ప్రభావంతో విక్టోరియా కాలపు ఫాదర్లు, ఆర్కిటెక్టులు చర్చిలను "అసలు రూపానికి" తెస్తామని బయల్దేరారు. పాత బెంచీలు పీకేశారు, గోడల పూత గీకేశారు, నేలకు నిగనిగలాడే టైల్స్ వేశారు. నా దృష్టిలో రెండో నష్టం మొదటిదానికి ఏమాత్రం తీసిపోదు. సున్నం కింద బొమ్మ బతుకుతుంది, గీకేసిన గోడ మీద ఏమీ బతకదు.

అందుకే డబ్బులేని ఊళ్లోని చర్చి చాలాసార్లు గొప్పగా మిగిలింది. రిపేర్లకే దిక్కులేనప్పుడు కొత్త ఫ్యాషన్‌కు డబ్బెక్కడిది?

లోపలికి వెళ్లేముందు తెలుసుకోవలసింది

ప్లాన్ మనకు కొత్త కాదు. గుడిలో ముఖమండపం, గర్భగుడి ఉన్నట్టే ఇక్కడ పడమట జనం నిలబడే నేవ్, తూర్పున బలిపీఠం ఉండే చాన్సెల్ ఉంటాయి. రెండింటి మధ్య ఒక ఆర్చి. గుండ్రటి ఆర్చి అయితే మామూలుగా 1066లో ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్ల కాలపు పని, కొన్నిచోట్ల వాళ్లకు ముందున్న సాక్సన్ల పని. మొన తేలిన ఆర్చి అయితే పన్నెండో శతాబ్దం చివరి నుంచి వచ్చిన గోథిక్. 1924లో ప్రారంభమైన మెదక్ కెథెడ్రల్ చూసినవాళ్లు ఈ ఆర్చిని చటుక్కున గుర్తుపడతారు, ఆ శైలి వెళ్లింది ఇక్కడి నుంచే.

అప్పట్లో నేవ్‌లో కుర్చీలు లేవు. జనం నిలబడేవారు, ముసలివాళ్లు గోడ వెంట ఉన్న రాతి అరుగు మీద కూర్చునేవారు. బెంచీలు ఎక్కువగా పద్నాలుగు, పదిహేనో శతాబ్దాల్లో వచ్చాయి. గుమ్మం దగ్గర బాప్తిస్మపు తొట్టి ఉంటుంది. దాని అంచు మీద ఇనప కొక్కెం పీకిన గుర్తు కనిపిస్తుందేమో చూడండి. మంత్రతంత్రాల కోసం దీవించిన నీళ్లు ఎత్తుకుపోతున్నారని, తొట్లకు మూతలు పెట్టి తాళాలు వేయాలని 1236లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఆదేశించాడు. చాన్సెల్‌లో కుడివైపు గోడలో చిన్న గూడు, అందులో తూము ఉంటే దాన్ని పిసీనా అంటారు. బలిపూజ గిన్నెలు కడిగిన నీళ్లు దాంట్లోంచి నేలలోకి ఇంకిపోయేవి. ఆర్చి పక్కన గోడలో ఎక్కడికీ వెళ్లని మెట్లు కనబడితే, ఒకప్పుడు అక్కడ చెక్క తెర, దాని మీద మచ్చు, మచ్చు మీద సిలువ వేసిన యేసు బొమ్మ ఉండేవని అర్థం. బొమ్మలు 1540లలోనే పోయాయి. 1561లో మచ్చులు కూడా తీసేయమని ఎలిజబెత్ ప్రభుత్వం చెప్పింది, కింది తెరను మాత్రం ఉండనిచ్చింది. ఆ మెట్లు ఇప్పటికీ చాలాచోట్ల అలాగే ఉన్నాయి.

ఇక అసలు పోలిక. చాలా వాటిని పక్కనపెట్టి ఆరింటిని తీసుకున్నాను. ఒక్కొక్కటి ఒక్కో విషయంలో ముందుంటుంది.

కట్టడమే చూడాలనుకుంటే: ఎస్కోమ్

డరమ్ కౌంటీలో బిషప్ ఆక్లండ్ పక్కన ఉంది. ఏడో శతాబ్దం చివర్లో కట్టారు. దగ్గర్లోని బిన్‌చెస్టర్ రోమన్ కోట రాళ్లు తెచ్చి పేర్చారు, ఒక రాయి మీద ఆరో లీజియన్ అనే రోమన్ సైనికదళం పేరు ఇంకా కనిపిస్తుంది. నేవ్ సన్నగా, ఎత్తుగా, వెడల్పుకు మూడింతల పొడవుతో ఉంటుంది. లోపల నిలబడితే పైకి చూడకుండా ఉండలేం. దక్షిణపు గోడ మీద ఒక ఎండగడియారం, దేశంలో మొదట పెట్టిన చోటే మిగిలిన అతి పాతవాటిలో ఒకటి. 1863లో ఊరికి కొత్త చర్చి కట్టుకుని దీన్ని వదిలేశారు, పైకప్పు పోయే దశలో మళ్లీ బాగుచేశారు.

అయితే సామాను చూద్దామని వెళ్తే నిరాశే. చుట్టూ గత శతాబ్దపు ఇళ్లు, మధ్యలో గుండ్రటి సమాధుల దొడ్డి, ఫొటోకు ఏమంత బాగోదు. కట్టడాల మీద నిజమైన ఇష్టం ఉంటే, లేదా ఎలాగూ డరమ్ వెళ్తుంటే చూడండి. లండన్ నుంచి దీనికోసమే అంత దూరం వెళ్లమని చెప్పను.

రాతి చెక్కడం, పిల్లలతో ప్రయాణం: కిల్పెక్

హెరెఫర్డ్‌కు నైరుతిగా సుమారు 14 కిలోమీటర్లు. 1140 ప్రాంతంలో ఎర్ర ఇసుకరాయితో కట్టిన చిన్న చర్చి, పక్కనే శిథిలమైన కోట దిబ్బ. ఈ రాయి విచిత్రంగా గట్టిది, తొమ్మిది వందల ఏళ్ల వానలకు కూడా ఉలి గీతలు మాయలేదు. దక్షిణపు గుమ్మం చుట్టూ పాములు, డ్రాగన్లు, నోట్లోంచి తీగలు కక్కే తల, పైన జీవవృక్షం. చూరు కింద చుట్టూ వరసగా చిన్న చిన్న బొమ్మలు. మొదట 91 ఉండేవి, ఇప్పుడు 85 ఉన్నాయి. కుక్క, కుందేలు పక్కపక్కన కూర్చున్న బొమ్మ ఏ పిల్లల సినిమాలోంచో దిగివచ్చినట్టుంటుంది. పంది, పొట్టేలు, వాయిద్యం వాయించే మనిషి, ముద్దు పెట్టుకునే జంట, ఇంకా ఏమిటో ఎవరికీ అర్థం కాని ముఖాలు. వీటిలో షీలా నా గిగ్ అనే నగ్న స్త్రీ బొమ్మ కూడా ఉంది. పిల్లలు తప్పకుండా అడుగుతారు, జవాబు ముందే ఆలోచించుకోండి. దాని అర్థం మీద పండితులు కూడా ఒక మాట మీద లేరు కాబట్టి మీరేం చెప్పినా పర్వాలేదు.

లోపల చాన్సెల్ ఆర్చి స్తంభాల మీద ఒకరి మీద ఒకరు నిలబడ్డ సాధువుల బొమ్మలు బాగుంటాయి. మిగతా సామాను మామూలే. దీన్ని బయటినుంచి చూడాల్సిన చర్చి అనుకోండి. వాన పడని రోజు, సూర్యుడు పక్కగా ఉన్నప్పుడు వెళ్తేనే చెక్కడం తేలుతుంది. ఫోన్ కెమెరాకు జూమ్ సరిపోదు, చిన్న బైనాక్యులర్స్ పట్టుకెళ్లండి.

రంగు బొమ్మలు: కెంప్లీయా, హార్డ్‌హామా?

ఈ రెండింటి మధ్యే నిజమైన పోటీ. మధ్యయుగపు చర్చి లోపల తెల్లగా ఉండేదని మనం అనుకుంటాం. గోడ మొత్తం రంగులే. అక్షరం రాని జనానికి కడవరి తీర్పు, నరకం, సాధువుల కథలు గోడ మీదే చూపించేవారు.

గ్లాస్టర్‌షైర్‌లోని కెంప్లీ సెయింట్ మేరీలో చాన్సెల్ పైకప్పు రాతి కమాను. దాని మీద పన్నెండో శతాబ్దపు మొదటి సగంలో తడి సున్నంపై వేసిన బొమ్మలున్నాయి. ఇంగ్లండ్‌లో ఇలా అసలు ఫ్రెస్కో పద్ధతిలో వేసినవి అరుదు. మధ్యలో ఇంద్రధనుస్సు మీద కూర్చున్న క్రీస్తు, చుట్టూ సూర్యచంద్రులు, దీపస్తంభాలు, దేవదూతలు. రెండు పక్కల గోడల మీద అపొస్తలులు మెడలెత్తి ఆయన వైపే చూస్తుంటారు. ఆ చూపులన్నీ ఒకే చోట కలుస్తాయి, మీరు వాటి కింద నిలబడతారు. 1872లో సున్నం కింద ఇవి బయటపడ్డాయి. కాపాడదామని పూసిన వార్నిష్ నల్లబడి బొమ్మలను కప్పేస్తే 1950లలో ఓపిగ్గా దాన్ని తీశారు. పైకప్పు దూలాలు కూడా అదే కాలానివి, తలెత్తి వాటినీ చూడండి. ఇళ్లు వేరేచోటికి జరిగిపోయి, 1903లో ఊరికి కొత్త చర్చి వచ్చింది. అందుకే పాతదాన్ని మార్చాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. పాత కట్టడాలను కాపాడే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ చూసుకుంటోంది, ఏ నెలల్లో తెరుస్తారో వాళ్ల సైట్‌లో చూసి వెళ్లండి. మార్చి, ఏప్రిల్‌లో అయితే ఆ చుట్టుపక్కల అడవి డాఫడిల్ పూలు అదనం.

వెస్ట్ ససెక్స్‌లోని హార్డ్‌హామ్ సెయింట్ బొటోల్ఫ్ చర్చి బొమ్మలు ఇంకా పాతవి, 1100 ప్రాంతానివి. ఇక్కడ ప్రత్యేకత విస్తీర్ణం, నాలుగు వైపులా గోడలన్నీ బొమ్మలే. ఆదాము, హవ్వ, పక్కన పాము. ఉత్తరపు గోడ మీద సెయింట్ జార్జ్, ఇంగ్లండ్‌లో ఆయన బొమ్మల్లో అతి పాతదని చెబుతారు. 1866లో బయటపడ్డాయి, చాలామటుకు వెలిసిపోయాయి. ఎర్రమట్టి రంగు, పసుపు మాత్రం బాగా మిగిలాయి. చాన్సెల్ గోడకు ఒక చిన్న కన్నం ఉంది. దాని అవతల గదిలో బతికున్నంతకాలం తాళం పడ్డట్టు ఉండిపోయిన ఒక సన్యాసి అందులోంచే పూజ చూసేవాడు.

కారు లేకపోతే హార్డ్‌హామ్. లండన్ విక్టోరియా నుంచి నేరుగా రైలు వెళ్లే పల్‌బరో స్టేషన్ దగ్గరే. కారు ఉంటే, లేదా కిల్పెక్ కూడా చూడాలనుకుంటే కెంప్లీ. హెరెఫర్డ్‌లో బస చేసి రెండూ ఒకే రోజులో తేలిగ్గా చూడొచ్చు. బొమ్మలు చూడటం అలవాటు లేనివాళ్లకు హార్డ్‌హామ్‌లో మొదటి పది నిమిషాలు మరకలే కనిపిస్తాయి. కళ్లు చీకటికి అలవాటయ్యేదాకా కూర్చోండి. కెంప్లీలో ఆ ఇబ్బంది లేదు, గుమ్మం దాటగానే బొమ్మ మిమ్మల్ని చూస్తుంది.

ఫొటోలు: ఫెయిర్‌ఫీల్డ్

కెంట్‌లోని రోమ్నీ మార్ష్ బురదనేలలో, చుట్టూ గొర్రెలు, నీటికాలువలు, ఇంకేమీ లేనిచోట ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఇన్‌స్టాలో మీరు చూసే ఉంటారు. బయటికి పద్దెనిమిదో శతాబ్దపు ఇటుక, లోపల మధ్యయుగపు చెక్క చట్రం. తెల్లరంగు వేసి నల్ల అంచులు దిద్దిన పెట్టె బెంచీలు, మూడు అంతస్తుల పుల్పిట్. కింది అంతస్తులో గుమాస్తా, మధ్యలో వాక్యం చదివే చోటు, పైన ప్రసంగం. బాప్తిస్మపు తొట్టికి ఏడు పలకలు. 1913 ప్రాంతంలో కట్టదారి వేసేదాకా చలికాలంలో జనం పడవల్లోనో గుర్రాల మీదో వచ్చేవారు.

అప్పుడే కట్టడాన్ని దాదాపు విప్పి మళ్లీ కట్టినంత పని చేశారు కాబట్టి పాతదనం విషయంలో దీనికి నేను ఎక్కువ మార్కులు వేయను. వాతావరణానికి మాత్రం పూర్తి మార్కులు. ఇక్కడిదాకా వచ్చాక పక్క ఊరు బ్రూక్‌లండ్ వదలకండి. నిజం చెప్పాలంటే నాకు ఫెయిర్‌ఫీల్డ్ కంటే అక్కడి సీసపు తొట్టే ఎక్కువ ఇష్టం. పన్నెండో శతాబ్దపు ఆ తొట్టి చుట్టూ పైవరసలో పన్నెండు రాశులు, కింది వరసలో ఆ నెలలో రైతు చేసే పని. కోత, నూర్పిడి, ద్రాక్ష కత్తిరింపు, పందిని చంపడం. బాప్తిస్మం ఇచ్చే తొట్టి మీద మేషం, వృషభం ఏమిటని మనవాళ్లకు ఆశ్చర్యం కలుగుతుంది, అప్పటి క్రైస్తవ లోకంలో అది వింతేమీ కాదు. చర్చి గంటగోపురం కూడా పైకప్పు మీద కాకుండా పక్కన నేల మీద చెక్కతో కట్టి ఉంటుంది. ఐవీచర్చ్ అనే ఇంకో పక్క ఊళ్లో వానలో సమాధి దగ్గర ఫాదర్ తడవకుండా నిలబడేందుకు చేసిన మోసుకెళ్లే చెక్క పెట్టె ఉంది. ఇంగ్లండ్ వాతావరణం గురించి అంతకంటే చెప్పేదేముంది.

ఒక్కటే చూడగలిగితే: ఇంగిల్‌షామ్

స్విండన్‌కు ఉత్తరాన, లెచ్‌లేడ్ దగ్గర, థేమ్స్ ఇంకా చిన్న ఏరులా ఉండే చోట. చర్చి ముఖ్యంగా పదమూడో శతాబ్దానిది. మధ్యయుగంలో ఉన్న ఊరు కరిగిపోయింది, ఇప్పుడు కొన్ని ఇళ్లే. బయటినుంచి చూస్తే ఇదా అనిపిస్తుంది. గోపురం లేదు, పైకప్పు చివర గంటలు వేలాడే చిన్న గూడు మాత్రమే.

లోపల ఏదీ పీకేయలేదు. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల పెట్టె బెంచీలు వంకరటింకరగా, రంగు లేకుండా, వాడి వాడి నునుపెక్కి ఉన్నాయి. వాటి పక్కనే వాటికన్నా పాత చెక్క తెరలు. గోడల మీద పదమూడో శతాబ్దపు నమూనాలు, వాటి మీద తర్వాతి బొమ్మలు, బొమ్మల మీద మతసంస్కరణ తర్వాత రాసిన బైబిల్ వాక్యాలు, ఆ వాక్యాల మీద ఇంకా కొత్త వాక్యాలు. కొన్నిచోట్ల ఏడు పొరల దాకా ఉన్నాయి. ఏ పొరనూ పూర్తిగా తీయలేదు కాబట్టి ఒకే గోడలో ఒక తరం ఇంకో తరం మాటను చెరిపి రాయడం చూడొచ్చు. పై పొర రాలినచోట కింది తరం మళ్లీ బయటికొస్తుంది. దక్షిణపు గోడకు బాలయేసును ఎత్తుకున్న మరియ శిల్పం ఉంది, సాక్సన్ కాలపు పని. పైనుంచి దేవుని చెయ్యి వాళ్ల వైపు చూపిస్తుంటుంది. చాలాకాలం అది బయట గోడలో ఉండేది, ఎవరో దాని మీద ఎండగడియారం గీతలు కూడా గీశారు.

ఇది ఇలా మిగలడానికి కారణం పందొమ్మిదో శతాబ్దపు కవి, డిజైనర్ విలియం మోరిస్. ఆయన ఇల్లు కెల్మ్‌స్కాట్ ఇక్కడికి కొద్ది మైళ్లే. చర్చిల పూత గీకేయడం చూసి కడుపుమండి 1877లో పాత కట్టడాల రక్షణ సంఘం పెట్టాడు. దానికి "గీకుడు వ్యతిరేక సంఘం" అనే అర్థంలో ముద్దుపేరు కూడా ఉంది. 1888-89లో ఇంగిల్‌షామ్‌కు రిపేర్ అవసరమైనప్పుడు ఆ సంఘం దగ్గరుండి చేయించింది. కూలకుండా నిలబెట్టారు, అందంగా చేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఇప్పుడు చర్చెస్ కన్సర్వేషన్ ట్రస్ట్ అదే పద్ధతిలో చూసుకుంటోంది.

కిల్పెక్‌లో చెక్కడం ఇంతకన్నా గొప్పది, కెంప్లీలో బొమ్మ గొప్పది, ఎస్కోమ్ దీనికన్నా ఐదు వందల ఏళ్లకు పైగా పాతది. కానీ ఒక పల్లె చర్చి శతాబ్దాల తరబడి ఎలా వాడుకలో ఉండి, మారుతూ వచ్చిందో ఒకే గదిలో కనిపించేది ఇంగిల్‌షామ్‌లోనే. పిల్లలకు మాత్రం పావుగంటలో బోర్ కొడుతుంది. అప్పుడు ఏటి ఒడ్డున లెచ్‌లేడ్ దాకా నడిపించండి.

ఈ ఆరింటిలో ఎక్కడా లేనిది ఒకటుంది, రంగులు వేసిన చెక్క తెర. అది కావాలంటే నార్ఫోక్‌లోని రాన్‌వర్త్ వెళ్లాలి. పదిహేనో శతాబ్దపు తెర, డ్రాగన్‌ను నరికే మిఖాయేలు దూత బొమ్మ చూసి తీరాల్సిందే. చర్చి చిన్నదేమీ కాదు కాబట్టి పోలికలో చేర్చలేదు. గోపురం ఎక్కితే చుట్టూ ఉన్న చెరువులన్నీ కనిపిస్తాయి, చివర్లో నిచ్చెనలున్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే ఉండటం మంచిది.

వెళ్లేముందు

ఆదివారం ఉదయం ప్రార్థన ఉండొచ్చు, ఆ టైమ్‌లో చూడ్డానికి వెళ్లకండి. ప్రార్థనకే వెళ్తే సంతోషంగా కూర్చోబెడతారు. తాళం వేసి ఉంటే గుమ్మం దగ్గర నోటీసులో తాళంచెవి ఎవరి ఇంట్లో ఉందో రాసి ఉంటుంది, మొహమాటపడకుండా అడగండి. లోపల ఎండాకాలంలో కూడా చలిగా ఉంటుంది. ఫెయిర్‌ఫీల్డ్ లాంటిచోట కరెంటే లేదు, టార్చ్ ఉండాలి. టాయిలెట్ ఉంటుందని ఆశ పెట్టుకోకండి, దారిలోని పబ్‌లోనో పెట్రోల్ బంకులోనో చూసుకోండి. గోడల మీది బొమ్మలకు చెయ్యి గానీ బ్యాగు గానీ తగలనివ్వకండి, ఆ పూత గోరు తగిలినా రాలుతుంది. పల్లెటూరి బస్సులు ఆదివారం దాదాపు ఉండవు, రిటర్న్ ఎలాగో తేల్చుకున్నాకే బయల్దేరండి. గుమ్మం దగ్గర విరాళం పెట్టె ఉంటుంది, ఈమధ్య చాలాచోట్ల కార్డు మిషన్ కూడా పెట్టారు. పైకప్పు రిపేర్లు ఆ డబ్బు మీదే ఆధారపడ్డాయి. బయటికి వచ్చేటప్పుడు తలుపు గట్టిగా మూయండి, లేకపోతే పిట్టలు లోపల చిక్కుకుపోతాయి.